మంగళవారం బెంచీ

ఆ ఏడు ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ముందు లేచేదాన్ని నేనే, అందరికంటే ఆఖర్న పడుకునేదాన్నీ నేనే. మధ్యలో ఏం చేశావని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పేయగలను: ఆస్పత్రిలో పక్షవాతం, ఇంట్లో పక్షవాతం.

ఒక పొద్దున నిద్ర లేచేసరికి మా అత్తగారి కుడిచెయ్యి ఆవిడ మాట వినలేదు. నిద్రలో ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. స్కానింగ్ తీసి చూస్తే, గడ్డ కరిగించే మందు వేసే వేళ అప్పటికే దాటిపోయింది. మాట పోలేదు. కాలు నెల తిరక్కుండా దారికొచ్చింది. చెయ్యి మాత్రం ఎవరో కాస్సేపు చూస్తుండమని అప్పగించి వెళ్ళిన పరాయి పిల్లలాగా ఒళ్ళో పడి ఉండేది.

స్నానం నేనే చేయించేదాన్ని. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. గ్లాసెడు మంచినీళ్ళు కూడా ఎవరి చేతా తెప్పించుకునే అలవాటు లేదు. స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, గోడవైపు మొహం తిప్పుకుని, "కానీ, కానీ, నీకు ఆలస్యమవుతోంది" అనేవారు. ఆ 'కానీ'లో ఎంత సిగ్గుందో నాకు తెలిసేది. తెలిసీ గబగబా రుద్దేసి నీళ్ళు పోసేసేదాన్ని.

నా పని గురించి కొంచెం చెప్పాలి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో డాక్టర్ని, పాఠాలూ చెబుతాను. పక్షవాతం వచ్చినవాళ్ళు పడిపోయిన చేతిని దాని మానాన వదిలేసి, బాగున్న చేత్తోనే అన్నీ లాగించేస్తారు. వాడని చెయ్యి వాడకానికి రాదు. అందుకని బాగున్న చేతికి మందపాటి గ్లవ్ తొడిగి, మణికట్టు దగ్గర ముడి వేసి, రోజుకు పది గంటలు రెండో చేతినే కష్టపెడితే అది మెల్లిగా దారికొస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. పెద్ద పెద్ద చోట్ల చేసేదే. మాలాంటి ఇరుకు ఆస్పత్రిలో, వారానికి రెండే రోజులు రప్పించి, మిగతాది ఇంటికి వదిలేస్తే ఎంతవరకూ పనిచేస్తుందో తేల్చడం నా పరిశోధన. మొత్తం నలభై మంది, విడతలవారీగా, ఒక్కొక్కరికి ఎనిమిది వారాలు. ఇరవై మందికి గ్లవ్, ఇరవై మందికి మామూలు కసరత్తు. ఎవరు ఎటన్నది మూసిన కవరు చెబుతుంది. గ్లవ్ వాళ్ళు మంగళ, శుక్రవారాల్లో వస్తారు, మామూలు వాళ్ళు సోమ, గురువారాల్లో. ఈ గుంపు వాళ్ళు ఆ గుంపు వాళ్ళ కంటపడకూడదు. పడితే ఒకరి వైద్యం ఇంకొకరికి అంటుకుంటుంది, ఇక తేడా ఏం తేలుతుంది? ఆ నియమం రాసింది నేనే.

అత్తగారిని చేర్చుకోమని నేను అడగలేదు. ఆవిడే పట్టుబట్టారు. "ఎలాగూ పనికిరాని చెయ్యి. నీ చదువుకైనా పనికొస్తే రానీ" అన్నారు. పరిశోధనలకి అనుమతిచ్చే ఆస్పత్రి కమిటీని అడిగితే, కవరు తెరిచేదీ, చెయ్యి కొలిచేదీ నేను కాకుండా ఉంటే అభ్యంతరం లేదన్నారు. కవరు తెరిచారు. మామూలు కసరత్తు వచ్చింది.

మా ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది. మనిషి గుమ్మంలో అడుగు పెట్టకముందే మాట లోపలికొచ్చేస్తుంది.

"అయితే వదినా, ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ బాగుచేస్తావు, మా అమ్మ చెయ్యి మాత్రం లాటరీకి పెట్టావన్నమాట."

"లాటరీ కాదు. మామూలు కసరత్తు కూడా వైద్యమే."

"ఆ గ్లవ్వేదో అంత మంచిదైతే నలభై మందికీ అదే తొడగొచ్చుగా?"

"మంచిదో కాదో తెలియకే కదా ఈ అవస్థంతా."

"మూడేళ్ళనుంచీ ఇదే పని మీదున్నావు, ఇంకా తెలీదా!"

మా ఆయన పేపరు వెనకనుంచి దగ్గారు. ఆ ఎండాకాలమంతా మా ఇద్దరి మధ్యా ఆయన దగ్గుతోనే తీర్పులు చెప్పారు.

"నోరు మూసుకోవే" అన్నారు అత్తగారు కూతుర్ని. "కోడలు చెప్పినట్టు వింటానని సంతకం పెట్టాను. ఎడంచేత్తో పెట్టినా సంతకం సంతకమే."

సోమవారం, గురువారం నాకు పొద్దున వార్డు రౌండు, ఆ తర్వాత క్లాసులు. మా ఆయన ఫ్యాక్టరీకి ఆరింటికే వెళ్ళిపోతారు. టాక్సీలో పంపుదామంటే, ముక్కూమొహం తెలియని డ్రైవరు చెయ్యి పట్టుకుని దించడం అత్తగారికి ఇష్టం లేదు. మొదటి రెండు వారాలు నేనే ఆవిణ్ణి దింపి, రౌండుకి ఆలస్యంగా పరిగెత్తి, క్లాసు మధ్యలో వచ్చి మళ్ళీ ఇంటికి చేర్చేదాన్ని. మూడో వారం ఒకరోజు కుడికాలికి ఒక చెప్పు, ఎడంకాలికి ఇంకో చెప్పు వేసుకుని ఆస్పత్రికి వచ్చాను. ఒక విద్యార్థి చూసి తల వంచుకున్నదాకా నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే కసరత్తుల గదికి వెళ్ళాను. అక్కడి ఫిజియోథెరపిస్టు నాకంటే ఐదేళ్ళు పెద్ద. ఆస్పత్రిలో అందరికీ అక్కే.

"అక్కా, మా అత్తగారిని మంగళ, శుక్రవారాలకి మార్చేద్దామా? ఆ రెండ్రోజులు నాకు పొద్దున్న ఖాళీ."

అక్క రాస్తున్న పెన్ను కింద పెట్టింది. "అవి గ్లవ్ వాళ్ళ రోజులు మేడమ్."

"తెలుసు. పక్క గదిలో చేయించండి."

"గది వేరే ఇవ్వగలను. బయట కూర్చునే బెంచీ మాత్రం ఒక్కటే."

"ఒక్క మనిషే కదా అక్కా."

అక్క నా మొహంలోకి చూసింది, తర్వాత నా కాళ్ళవైపు చూసింది. "మీ ఇష్టం. నియమం రాసింది మీరు" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగే ఓపిక ఉంటే అసలు అడిగేదాన్నే కాదు.

అప్పట్నుంచి రోజులు కాస్త తేలికయ్యాయి. మంగళవారం కార్లో వెళ్ళేటప్పుడు అత్తగారు తల దువ్వించుకుని, కళ్ళజోడు తుడిపించుకుని, పెళ్ళివారింటికి వెళ్తున్నట్టు కూర్చునేవారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా బెంచీ కబుర్లు.

"ఆ కండక్టరుగారు లేరూ, బస్సు కండక్టరు చేసి రిటైరయ్యారే, ఆయనదీ కుడిచెయ్యే. ఎడంచేతికి గ్లవ్ వేసుకుని కుస్తీకి దిగేవాడిలా కూర్చుంటారు. ముక్కు దురద పెడితే గోడకి రాసుకుంటున్నారట పాపం."

"ఊఁ."

"'బస్సులో కాలు పెట్టే చోటు లేకపోయినా అందరికీ టికెట్లు కొట్టాను అక్కగారూ, ఇప్పుడు నా చొక్కా గుండీ నేను పెట్టుకోలేను' అంటారు. నవ్వించడానికే అంటారులే. కానీ నవ్వాక ఎవరూ మాట్లాడరు."

"ఊఁ" అన్నాను. సిగ్నల్ దగ్గర కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఆరో వారానికి అత్తగారు కుడిచేత్తో దువ్వెన పట్టుకున్నారు. జుట్టుదాకా వెళ్ళలేదు గానీ, పట్టు నిలిచింది. మా ఆడపడుచు చూసి, "అయితే నీ మామూలు కసరత్తు కూడా మరీ తీసిపారేసేది కాదన్నమాట" అంది. ఆవిడ నోట్లోంచి అది పొగడ్తే. నాకు సంతోషమేసింది. ఎలా వచ్చిందని అడగాలనిపించలేదు. ఇంకెవరి చెయ్యైనా అయితే అడిగేదాన్ని. ఒక వారంలో ఎందుకింత తేడా అని అక్క ప్రాణం తీసేదాన్ని.

గ్లవ్ వాళ్ళ ఇళ్ళకి ఒక్కో నోటుబుక్కు ఇచ్చాం. రోజూ ఎన్ని గంటలు గ్లవ్ ఉంచారో అందులో రాయాలి. అత్తగారితో పాటు బెంచీ మీద కూర్చునే ఆ విడతలో ఆరుగురు. ఆరు పుస్తకాల్లోనూ పది, పది, పది. తొమ్మిదిన్నర అన్నది ఒక్కచోట కూడా లేదు.

"మనుషులు ఇంత బుద్ధిమంతులుగా ఉంటారా మేడమ్?" అంది అక్క.

"ఉంటే మంచిదే కదా" అన్నాను నేను.

ఏడో వారం ఒకరోజు కాలేజీలో కరెంటు పోయింది. క్లాసులు లేవన్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికొచ్చాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లోంచి మాత్రం టక్, టక్ అని చిన్న చప్పుడు.

అత్తగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎడంచేతికి మా ఆయన ఉన్ని మేజోడు మోచేతిదాకా తొడిగి ఉంది. మణికట్టు దగ్గర పురికొస చుట్టి ఉంది. దాని ఒక కొస ఇంకా తడిగా ఉంది, పళ్ళతో లాగి బిగించినట్టున్నారు. ఎదురుగా గిన్నె. గిన్నె అంచుకు పెట్టిన బట్టల క్లిప్పుల్ని కుడిచేత్తో ఒక్కొక్కటే నొక్కి తీసి బల్ల మీద పడేస్తున్నారు. మెడమీంచి చెమట కారుతోంది.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "పందొమ్మిదయ్యాయి. ఆ ఇరవయ్యోది కూడా కానీ" అన్నారు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. "ఎవరు నేర్పారు అత్తయ్యా?"

"కండక్టరుగారు. లోపల ఆయన చేత ఏం చేయిస్తే అది బయటికొచ్చి నాకు చెబుతారు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు నన్ను మంగళవారాలకి మార్చినప్పట్నుంచీ."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సరే, ఒక్క మనిషి అనుకున్నాను. నలభైలో ఒక్కరు. కాగితం మీద రాసి సరిపెట్టుకోవచ్చు. అప్పుడు ఆవిడ ఇంకో మాట అన్నారు.

"ఊరికే చెప్పించుకోలేదులే. నేనూ సాయం చేశాను."

"ఏం సాయం?"

"'ఈ గ్లవ్వు ఒక్క గంట విప్పితే పుణ్యముంటుంది అక్కగారూ' అన్నారాయన. ముడి కిందవైపు ఉంటుంది కదా, ఆయనకి అందదు. నా ఎడంచెయ్యి బాగానే ఉందాయె. విప్పాను. అది చూసి పక్కావిడ చెయ్యి చాపింది. ఆ తర్వాత అందరూ."

"ఆరుగురికీనా?"

"ఆరుగురికీ. అక్క లోపలికి పిలిచేముందు మళ్ళీ కట్టేసేదాన్ని."

"మరి ఇంటి దగ్గర?"

అత్తగారు క్లిప్పుని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పారు. "ఇంటి దగ్గర ఎవరి తంటా వాళ్ళు పడ్డారు. ఒక కొస పళ్ళతో పట్టి లాగితే ఊడొస్తుందని చూపించాను."

"అత్తయ్యా, ఆ గ్లవ్వే వాళ్ళకి మందు."

"మందు చేదుగా ఉంటే చాలదా, మనిషిని ఏడిపించాలా? కండక్టరుగారు కంచం ముందు కూర్చుని ఏడ్చారట తెలుసా? మనవరాలు చూసి పక్కగదిలోకి పారిపోయిందట."

"అంత పాడుదైతే మీరెందుకు కట్టుకున్నారు?"

అత్తగారు పురికొసని పళ్ళతో పట్టి ఇంకాస్త లాగి బిగించుకున్నారు.

"నా వీపు రుద్దుతూ రుద్దుతూ నిలబడే కునుకు తీస్తున్నావు నువ్వు" అన్నారు. "ఒకరోజు నీ తల వచ్చి నా భుజానికి తగిలింది. నీకు తెలీదు. చెంబు జారితేగానీ మెలకువ రాలేదు నీకు."

ఇరవయ్యో క్లిప్పు మూడుసార్లు జారింది. నాలుగోసారి తీసి బల్ల మీద పెట్టారు.

సాయంత్రం మా ఆడపడుచు వచ్చింది. దాచడం నాకు చేతకాదు, చెప్పేశాను. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"అమ్మా, ఎక్స్ఛేంజి అలవాటు పోలేదే నీకు! కూర్చున్నచోటే లైన్లు కలిపేశావు." నా మొహం చూసి ఆగింది. "ఇప్పుడేమైంది వదినా? అమ్మ చెయ్యి వస్తోంది. సంతోషించక."

"కమిటీకి చెప్పాలి."

"ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"మరింకేం? చెబితే ఏమవుతుంది?"

"రోజులు మార్చింది నేను. పరిశోధన నా చేతిలోంచి తీసేస్తారు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఆ ఆరుగురూ గ్లవ్ వేసుకున్నట్టే లెక్క. వాళ్ళ చేతులు రావు. గ్లవ్ పనిచేయలేదని తేలుతుంది. రేపు ఇంకో ఆస్పత్రివాళ్ళు అది చదివి, ఇంకెవరికీ తొడగరు."

ఆడపడుచు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నా కాపురంలో అది నేను మొదటిసారి చూడటం. "తనకు మాలిన ధర్మం అంటారు దీన్నే" అని మాత్రం గొణిగింది, కానీ అందులో పదును లేదు.

మా ఆయన దగ్గలేదు. పేపరు మడిచి పక్కన పెట్టారు. "సోమవారాలు నేను షిఫ్టు మార్చుకుని ఉండేవాణ్ణి" అన్నారు. "నువ్వు అడగలేదు."

"మీకు కనిపించలేదా?"

ఆయన మడిచిన పేపరునే మళ్ళీ మడిచారు. అత్తగారు కొడుకువైపు చూడలేదు. ఇద్దరికీ మధ్యనున్న గిన్నెలో క్లిప్పులు మళ్ళీ పేర్చడం మొదలుపెట్టారు, కుడిచేత్తో.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి స్నానాల గది తలుపు లోపల గడియ వేసి ఉంది. తువ్వాలు పట్టుకుని బయట నిలబడ్డాను. చెంబు ఒకసారి కిందపడింది. "రావద్దు" అని లోపలినుంచి వినిపించింది. పావుగంట దాటాక బయటికొచ్చారు. చెవి వెనక సబ్బు నురగ అలాగే ఉంది. నేను తుడవలేదు.

ఆఫీసు గదికి వెళ్ళి కమిటీకి ఉత్తరం రాశాను. పేజీన్నర వచ్చింది. మామూలుగా అంత రాయడానికి నాలుగైదుసార్లు కొట్టేసి దిద్దుతాను. ఆ రోజు ఒక్క మాట కూడా కొట్టేయలేదు. చదివి చూసుకునే ఓపిక లేక అలాగే పంపేశాను.

కమిటీలో ముగ్గురు. ఎవరూ గొంతు పెంచలేదు. రోజులు మార్చడానికి కారణం ఏమిటని ఒక ఫారం ఇచ్చారు. 'అలసిపోయి' అని రాయడానికి అందులో గడి లేదు. 'ప్రయాణ సౌకర్యం కోసం' అని రాశాను. తొలి వానలు పడ్డ వారంలో నిర్ణయం వచ్చింది. అత్తగారితో కలిపి ఆ ఏడుగురినీ వాళ్ళ వాళ్ళ కవరు గుంపుల్లోనే లెక్కించాలి, జరిగిందంతా పక్కన రాయాలి, కొత్తగా ఇంకో పదిమందిని చేర్చాలి. ఇకపై దీన్ని పక్క విభాగంలోని డాక్టరు నడుపుతారు. అడిగినప్పుడు నేను సలహా ఇవ్వచ్చు. ఆ డాక్టరు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న, మర్యాదస్తుడు. ఫైళ్ళు తీసుకెళ్ళడానికి తనే తోపుడుబండి తెచ్చుకున్నాడు. అల్మారాలో మూడు అరలు ఖాళీ అయ్యాయి. ఆ మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టుకుని గంటసేపు నిద్రపోయాను. ఎవరూ లేపలేదు.

ఆ ఆరుగురికీ సంగతి చెప్పే పని మాత్రం నాకే వదలమన్నాను. ఐదుగురు పెద్దగా ఏమీ అనలేదు. ఒకావిడ నోటుబుక్కులో అబద్ధం రాసినందుకు క్షమించమని నన్నే బతిమాలింది. కండక్టరుగారిని ఆఖరున పిలిచాను.

అప్పటికి ఆయన ఎనిమిది వారాలూ అయిపోయాయి. చివరి కొలతలో బల్ల మీది చెక్కముక్కల్ని పెట్టెలోకి వేయమంటే నిమిషంలో మూడు వేశారు. మొదటివారం రెండు. నేను చెప్పిందంతా విని, కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టుకున్నారు.

"అక్కగారిని ఏమీ అనకండి డాక్టరమ్మా. అడిగింది నేను."

"అనలేదండీ."

"ముప్ఫై రెండేళ్ళు టికెట్ లేనివాళ్ళని బస్సులోంచి దింపాను. ఇప్పుడు చూడండి, టికెట్ చేతిలో పెట్టుకుని నేనే మధ్యలో దిగిపోయాను."

"తప్పు మీది కాదు. ఆవిణ్ణి ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది నేను. నా వీలు చూసుకుని."

"ఆవిడ లేకపోతే నేను మూడోవారమే రావడం మానేసేవాణ్ణండీ" అన్నారు.

ఏ గుంపులో వేసి లెక్కపెట్టాలో తెలియని మాట అది.

"మళ్ళీ ఎనిమిది వారాలు చేద్దాం" అన్నాను. "పరిశోధన కాదు. కవర్లు ఉండవు, పుస్తకంలో గంటలు రాయక్కర్లేదు. నేనూ అక్కా చేయిస్తాం."

"ఈసారి వస్తుందా?"

మూడేళ్ళనుంచి ఈ ప్రశ్నకి ఎంతమందికి ఎంత శాతమో చెబుతూ వచ్చాను.

"తెలీదండీ" అన్నాను. "చాలా ఆలస్యం చేశాం. కొంత రావచ్చు. రాకపోవచ్చు."

"అన్నం తినేటప్పుడు మాత్రం విప్పాలి."

"అరగంట."

"ముప్పావుగంట. మనవరాలితో తింటాను, దానికి కబుర్లెక్కువ."

"అరగంటే."

ఆయన నా మొహంలోకి చూశారు. చిల్లర లేదంటున్నది నిజమా, నాటకమా అని తేల్చుకుంటున్న మనిషిలా చూశారు. తర్వాత ఎడంచెయ్యి బల్ల మీదుగా నావైపు జరిపారు.

"సరే, కట్టండి."

గ్లవ్ తొడిగి ముడి వేయబోయాను. ఈ ముడి గురించి నేను మూడు వ్యాసాలు రాశాను, రెండు దేశాల్లో మాట్లాడాను. ఎంత బిగించాలో తెలియక, అక్కని పిలిచి అడగాల్సి వచ్చింది.